ఆకు చాటు ఇల్లు

"అమ్మాయ్, ఇది ఇల్లా, అద్దాల బీరువానా?"

మా అత్తగారు సింగపూరు వచ్చిన రెండో రోజు పొద్దున్నే అడిగిన ప్రశ్న ఇది. సెంగ్‌కాంగ్‌లో తొమ్మిదో అంతస్తు మాది. హాల్లో మోకాలి ఎత్తు నుంచి దాదాపు పైకప్పు దాకా కిటికీలు. ఫ్లాటు కొన్నప్పుడు ఆ కిటికీలు చూసే ముచ్చటపడ్డాం. ఎంత వెలుతురో, ఎంత గాలో అనుకున్నాం. ఎదురుగా ఇంకో బ్లాకు ఉన్న సంగతి తెలుసు గానీ, అంతగా పట్టించుకోలేదు. ఆ పొద్దున మాకు సరిగ్గా ఎదురు కిటికీలో ఒకాయన బనీనుతో నిలబడి కాఫీ తాగుతున్నాడు. ఆయన మావైపు చూశాడో లేదో తెలీదు. ఆవిడ మాత్రం కొంగు సర్దుకుని కర్టెన్ సర్రున లాగేశారు.

"బొమ్మల కొలువులో బొమ్మల్లా ఉన్నాం, వచ్చేపోయే వాళ్ళకి కనపడుతూ."

అలా లాగిన కర్టెన్ ఇరవై రోజులు తెరుచుకోలేదు.

పొద్దున ఎనిమిదింటికల్లా నేనూ మావారూ ఆఫీసులకి, అంతకంటే ముందే అమ్మాయి స్కూలుకి వెళ్ళిపోతాం. ఆవిడ ఒక్కరే ఇంట్లో. పదకొండు గంటలకి ఫోన్ చేస్తే "లైటు వేసుకుని కూర్చున్నానమ్మా" అనేవారు. బయట ఎండ దంచేస్తుంటే లోపల లైటు! తలుపు వేసే ఉండేది. తాడేపల్లిగూడెంలో ఆరింటికల్లా వాకిలి ఊడ్చి, ముగ్గేసి, అరుగు మీద కూర్చుని, తోటకూర అమ్మే మనిషితో బేరంతో పాటు వాళ్ళింటి సంగతులన్నీ మాట్లాడే మనిషి ఆవిడ. ఇరవయ్యో రోజు రాత్రి అన్నం కలుపుతూ, పెద్ద విషయమేం కాదన్నట్టుగా అన్నారు: "టికెట్టు కాస్త ముందుకి జరపడానికి కుదురుతుందేమో వాణ్ణి కనుక్కోమనమ్మా."

మూడు నెలలు ఉందామని వచ్చిన మనిషి. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మీలో చాలామందికి ఇది తెలిసిన కథే. పురిటికి వచ్చిన అమ్మ, మనవల్ని చూసుకోవడానికి వచ్చిన అత్తగారు, ఉద్యోగం మానేసి పిల్లలతో ఇంట్లో ఉన్న మనం. ఎవరైతేనేం, పగలంతా ఇంట్లో ఉండే మనిషికే ఇల్లు ఎలా ఉందో తెలుస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి పడుకునేవాళ్ళకి కిటికీ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఆవిడకి అక్కడున్నదేమిటి, ఇక్కడ లేనిదేమిటి అని ఆలోచించాను. చెట్లా? సింగపూరులో చెట్లకి కరువు లేదు. 1967లో లీ క్వాన్ యూ ఈ ఊరిని తోటల నగరం చెయ్యాలని మొదలుపెట్టిన పని ఇప్పటికీ ఆగలేదు. మా బ్లాకు కింద కూడా పచ్చగానే ఉంటుంది. మనుషులా? ఎదురు బ్లాకు నిండా మనుషులే. అన్నీ ఉన్నాయి. కానీ ఆవిడ కర్టెన్ తీస్తే అన్నీ ఒక్కసారిగా మీద పడుతున్నాయి, వేస్తే ఒక్కసారిగా మాయమైపోతున్నాయి. మధ్యలో ఏమీ లేదు.

మా అమ్మమ్మగారి ఊరు కోనసీమ. మండువా లోగిలి. చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళ కోసం చెప్తాను. వీధిలోంచి రెండు మెట్లెక్కితే అరుగు. అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు, దారినపోయే మనిషితో సహా. ఆ తర్వాత వీధి వసారా, అది తెలిసినవాళ్ళకి. గడప దాటితే మండువా. ఇంటి నడిమధ్య చతురస్రంగా ఆకాశం, నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. వాన పడితే నాలుగు చూరుల నుంచీ నీళ్ళు ఇంటి మధ్యలోకే దిగుతాయి, మూలల్లో గంగాళాలు పెట్టి పట్టుకునేవారు. వెనక వంటిల్లు, దాని వెనక పెరడు, నుయ్యి, అరటి చెట్లు, కరివేపాకు, బచ్చలి పాదు, తులసికోట. పెరటి గుమ్మం ఆడవాళ్ళది. పక్కింటావిడ పుల్లమజ్జిగ కోసం వచ్చినా, పోట్లాడి వచ్చిన ఆడపడుచు కళ్ళు తుడుచుకున్నా అక్కడే.

గమనించారా? వీధికీ పడగ్గదికీ మధ్య నాలుగైదు చోట్లున్నాయి. ఒక్కో చోట ఒక్కో రకం మనుషులు, ఒక్కో పాలు ఎండ, ఒక్కో పాలు గాలి. మండువాలో కూర్చున్న ఆడమనిషికి ఆకాశం కనపడుతుంది, వాన కనపడుతుంది, వీధిలో మాట వినపడుతుంది. ఆవిడ మాత్రం వీధికి కనపడదు. మనకి దీనికి ఒక చక్కటి మాటుంది: చాటు. చాటు అంటే దాక్కోవడం అని మాత్రమే కాదు. చెట్టు చాటున నిలబడ్డాం అంటాం, తల్లి చాటు బిడ్డ అంటాం. నీడ, రక్షణ, కాస్త మరుగు, అన్నీ కలిసిన మాట అది. మా ఫ్లాట్లో ఉన్నవి అద్దం, కర్టెన్. చాటు లేదు.

మరి ఈ ఊళ్ళో వెనకటి ఆడవాళ్ళు ఏం చేసేవారు? వాళ్ళకీ ఇరుకు వీధులే, వాళ్ళకీ ఇదే ఉక్కపోత. ఆ కుతూహలంతోనే ఒక సెలవు రోజున ముందుగా బుక్ చేసుకుని అత్తగారిని నీల్ రోడ్డులోని బాబా హౌస్‌కి తీసుకెళ్ళాను. 1890ల నాటి పెరనాకన్ కుటుంబపు ఇల్లు, ఇప్పుడు నేషనల్ యూనివర్సిటీ వాళ్ళ చేతుల్లో ఉంది. నీలం రంగు ముఖద్వారం. ముందు భాగంలో అయిదడుగుల నడవా. ఈ నడవాల వెనక ఒక కథ ఉంది. 1822లో రాఫెల్స్ ఊరి ప్రణాళిక వేయిస్తూ, ప్రతి ఇంటి ముందూ కప్పున్న నడవా ఉండాలని, అవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోవాలని నియమం పెట్టాడు. ఎండలో, వానలో జనం నడవడానికి దారి అయింది, ఇంటివాళ్ళకి అరుగూ అయింది. లిటిల్ ఇండియాలో మనం పూలు, కూరలు కొనుక్కుంటూ నడిచేది ఇలాంటి నడవాల కిందే.

గుమ్మం దగ్గర అత్తగారు ఆగిపోయారు. పెద్ద తలుపులకి ముందు ఇంకో జత తలుపులు, మనిషి ఎత్తుకి తక్కువగా, చెక్కడం పనితో. వాటిని పింతు పగార్ అంటారు. మలయ్ భాషలో పింతు అంటే తలుపు, పగార్ అంటే కంచె. పగలు పెద్ద తలుపులు తీసేసి ఈ పొట్టి తలుపులు మాత్రం వేసి ఉంచేవారు. పైనుంచీ కిందనుంచీ గాలి వస్తుంది, వీధి చప్పుడు వస్తుంది, చూపు రాదు. లోపలికి వెళ్తే ఇంటి మధ్యలో పైకి తెరుచుకున్న గాలిబావి, దాని కింద వెలుతురు. "ఇది మన మండువానే, కాస్త చిన్నది" అన్నారావిడ. ఇలాంటి ఇళ్ళలో కొన్నిటికి మేడ మీద గది నేలలో చిన్న కన్నం కూడా ఉండేది, మీద చెక్క మూతతో. వీధి గుమ్మానికి ఎవరొచ్చారో ఆడవాళ్ళు పైనుంచి చూసుకోవడానికి. అది విని అత్తగారు గట్టిగా నవ్వారు. సింగపూరు వచ్చాక అలా నవ్వడం అదే మొదటిసారి.

ఇంటికొస్తూ రైల్లో ఆవిడ అన్న మాట నాకు దారి చూపించింది. "వాళ్ళూ కనపడకూడదనే అనుకున్నారు. కానీ చూడ్డం మానుకోలేదు చూశావా."

ఆ సాయంత్రం మేమిద్దరం కాస్త తిక్కగా కనిపించే పని ఒకటి చేశాం. ఎదురు బ్లాకు లిఫ్టెక్కి తొమ్మిదో అంతస్తులో దిగి, లిఫ్టు దగ్గర నిలబడి మా ఇంటిని మేమే చూసుకున్నాం. అప్పుడు ఆరు గంటలు, ఇంకా ఎండ ఉంది. అమ్మాయిని కర్టెన్ తీసి హాల్లో తిరగమని ముందే చెప్పాం. మాకేమీ కనపడలేదు! కిటికీలు నల్లటి పలకల్లా ఉన్నాయి, వాటిలో ఆకాశం నీడ. ఏడున్నరకి మళ్ళీ వెళ్ళాం. పొద్దుగూకింది. ఇప్పుడు హాల్లో లైటు వెలుగుతోంది. అమ్మాయి చేతిలో ఉన్న పుస్తకం అట్ట రంగు కూడా తెలుస్తోంది.

ఇందులో మాయేమీ లేదు. చీకట్లో ఉన్నవాడికి వెలుగులో ఉన్నది కనపడుతుంది, వెలుగులో ఉన్నవాడికి చీకటి కనపడదు. పగలు బయట వెలుగెక్కువ, మన గది చీకటి. రాత్రి తిరగబడుతుంది. అంటే పగలు పల్చటి తెర చాలు, లోపలినుంచి చెట్టూ ఆకాశం కనపడుతూనే ఉంటాయి. మందపాటి కర్టెన్ పని లైటు వేసినప్పుడే మొదలవుతుంది. మా ఇంట్లో అత్తగారు చేస్తున్నది దీనికి సరిగ్గా ఉల్టా. పగలంతా కర్టెన్ వేసి లైటు వేసుకోవడం, రాత్రి ఉక్కగా ఉందని కర్టెన్ తియ్యడం! అద్దానికి అతికించే మెరుపు ఫిల్ముల సంగతీ ఇంతే. పగలు అద్దంలా మూసేస్తాయి, రాత్రి లైటు వేస్తే ఆ చాటు పోతుంది. కొనేముందు ఇది గుర్తుంచుకోండి.

నిజానికి అప్పటికే నేను ఒక తప్పు చేసేశాను. ఆవిడ టికెట్టు మాటెత్తిన వారంలోనే, ఖరీదైన రోలర్ బ్లైండ్లు బిగించాను, ఒక్క పోగు వెలుతురు కూడా రానివి. చూపు ఆగింది, నిజమే. గాలీ ఆగిపోయింది, ఏసీ బిల్లు పెరిగింది, ఇల్లు సినిమా హాలైంది. ఇప్పుడవి పడగ్గదుల్లో ఉన్నాయి. హాల్లో రెండు వరసల కడ్డీ పెట్టించి, లోపల తెల్లటి పల్చటి తెర, దాని మీద రాత్రికి ముదురు కర్టెన్ వేశాం.

రెండో మార్పుకి పైసా ఖర్చు లేదు. మా సోఫా కిటికీకి ఎదురుగా ఉండేది, కూర్చుంటే ఎదురింటివాళ్ళ కళ్ళలోకే చూడాలి. దాన్ని గోడవారకి, కిటికీకి పక్కగా తిప్పాం. పక్కగా కూర్చున్న మనిషికి కిటికీలోంచి కనపడేది ఎదురిల్లు కాదు, రెండు బ్లాకుల సందున ఉన్న ఆకాశం, వర్షపు చెట్ల తలలు. అదే హాలు, అదే కిటికీ.

మూడోది మొక్కలు. మనం చేసే పొరపాటు ఏమిటంటే, అందంగా ఉన్నాయని నర్సరీలో కొన్నవన్నీ తెచ్చి వరసగా పేర్చేస్తాం. ముందు కుర్చీలో కూర్చుని కంటి ఎత్తు కొలవండి. మా అత్తగారిది నేల నుంచి మూడున్నర అడుగులు. ఆ ఎత్తు దాకా ఆకులుంటే చాలు. కూర్చున్న మనిషి ఎదురింటికి కనపడదు, తల పైకెత్తితే ఆకాశం కనపడుతుంది, లేచి నిలబడితే లోకమంతా కనపడుతుంది. అంటే చాటు మన చేతుల్లో ఉంటుంది. మాది తూర్పు కిటికీ కాబట్టి పొద్దుటి ఎండ బాగా వస్తుంది. టెక్కా మార్కెట్లో కొన్న బచ్చలి కట్టలోంచి ముదురు కాడలు రెండు తీసి అత్తగారు కుండీలో గుచ్చారు. కిటికీ గ్రిల్లుకి పురికొస కట్టారు. ఈ ఊరి వాన గాలికి బచ్చలి ఎలా పాకుతుందో చూడాలి! వారాలు గడిచేసరికి కిటికీ కింది సగం ఆకుపచ్చ తెర. కర్టెన్‌ని పప్పులో వేసుకోవడం మా ఇంట్లోనే చూశానంటుంది నా స్నేహితురాలు. శంకుపూల తీగ కూడా ఇలాగే అల్లుకుంటుంది, ఎండ తక్కువైన చోట తమలపాకు తీగ, మనీ ప్లాంటు నిలుస్తాయి. తులసికి మాత్రం ఎండ కావాల్సిందే.

ఎండ మాటొచ్చింది కాబట్టి ఒక సంగతి. సింగపూరు భూమధ్యరేఖకి ఉత్తరాన ఇంచుమించు ఒక డిగ్రీ దూరంలో ఉంది. మార్చి చివరి నుంచి సెప్టెంబరు దాకా సూర్యుడు ఉత్తరం వైపుకి, మిగతా నెలల్లో దక్షిణం వైపుకి వాలి నడుస్తాడు. కాబట్టి ఉత్తరపు కిటికీలో ఇవాళ బతికిన మొక్క డిసెంబరులో డీలాపడితే మీ చేతి వాసి కాదు. దాన్ని ఇంకో కిటికీకి మార్చండి. పడమటి కిటికీ ఉన్నవాళ్ళకి బచ్చలి తెర ఇంకా మేలు, సాయంత్రపు వేడి ఆకుల మీదే ఆగుతుంది.

ఇక నాలుగోది తలుపు. మన హెచ్‌డీబీ ఇళ్ళకి చెక్క తలుపు ముందు ఇనప గేటు ఉంటుంది. దాన్ని దొంగల భయానికి మాత్రమే అనుకుంటాం. బాబా హౌస్ చూసొచ్చాక అది నాకు పింతు పగార్‌లా కనపడింది. గేటు తాళం వేసి చెక్క తలుపు తీసిపెట్టి, గేటుకి నడుము నుంచి కంటి ఎత్తు దాకా ఒక నేత గుడ్డ కట్టాం, అత్తగారి పాత మంగళగిరి చీర ముక్కే. కారిడార్ నుంచి లోపలికి కనపడదు. కిటికీ, తలుపు ఎదురెదురు కావడంతో ఈ చివర్నుంచి ఆ చివరికి గాలి ఆడింది. ఆ మధ్యాహ్నం మొదటిసారి ఏసీ లేకుండా ఆవిడ నిద్రపోయారు.

తలుపు తీస్తే గాలి ఒక్కటే రాదు కదా. మూడిళ్ళ అవతల ఉండే మలయ్ మక్చిక్ రోజూ పదింటికి అటుగా వెళ్తుంది. మక్చిక్ అంటే మన పిన్నిగారు లాంటి పిలుపు. గుడ్డ కింద నుంచి అత్తగారి పాదాలు చూసి ఆగింది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. కుండీలో కరివేపాకు చూపించి ఏదో అడిగింది, వాళ్ళ కూరల్లోనూ అది పడాలి కదా. ఈవిడ నాలుగు రెబ్బలు తుంచి గేటు సందుల్లోంచి ఇచ్చారు. మర్నాడు అదే సందులోంచి పాందాన్ ఆకుల కట్ట వచ్చింది. అన్నంలో వేసి వండితే బాస్మతిలా గుమగుమలాడింది. సాయంత్రం ఫోన్లో మా ఆడపడుచుతో అత్తగారు "మా వీధిలో ఒకావిడ ఉంది" అని మొదలుపెట్టడం విన్నాను. మా వీధి! తొమ్మిదో అంతస్తు కారిడార్!

ఆలోచిస్తే ఆ మాటలో తప్పులేదు. 1960లో హెచ్‌డీబీ మొదలయ్యాక, కంపుంగ్‌లలో నేల మీద బతికినవాళ్ళని పైఅంతస్తులకి ఎక్కించారు. ఇవాళ ఇక్కడి నివాసుల్లో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది ఆ ఇళ్ళలోనే ఉంటున్నారు. కంపుంగ్ ఇంటికి ముందు సెరాంబి అనే వసారా ఉండేది, అతిథిని అక్కడే కూర్చోబెట్టేవారు. పైకి ఎక్కినవాళ్ళకి దాని బదులు దొరికింది కారిడార్. బ్లాకు కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్ ఊరి రచ్చబండ అయింది, పెళ్ళిళ్ళూ చావులూ అక్కడే. ఇప్పటి కొత్త బ్లాకుల్లో కారిడార్లు పొట్టివవుతున్నాయి. ఇంటి ముందు నుంచి నడిచేవాళ్ళు తగ్గారు, మరుగు పెరిగింది. మక్చిక్‌లు కూడా తగ్గారు.

ఇక్కడి వాస్తుశిల్పులు ఈ చిక్కుని పట్టించుకోకపోలేదు. 2003లో వోహా సంస్థ కట్టిన మోల్మీన్ రైజ్ అనే 28 అంతస్తుల భవనంలో "మాన్సూన్ విండో" పెట్టారు. ముందుకి పొడుచుకొచ్చిన కిటికీ గూటి అడుగుభాగంలో, అడ్డంగా ఉండే చిన్న తెరపి. కుండపోత వానలో కూడా తీసుకోవచ్చు. గాలి కిందనుంచి పైకి వస్తుంది, జల్లు రాదు. బోర్నియో పొడవాటి ఇళ్ళని చూసి నేర్చుకున్న ఉపాయమట. 2007లో దానికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. అదే సంస్థ హెచ్‌డీబీకి డిజైన్ చేసిన స్కైవిల్ డాసన్ 2015లో పూర్తయింది. 960 ఇళ్ళు, ఎనభై ఇళ్ళకొక ఉమ్మడి తోట వసారా, ఆకాశంలోనే. పైకప్పు మీద పార్కుంది, అందరూ వెళ్ళొచ్చు. వీలైతే ఓ సాయంత్రం పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. అంత ఎత్తున కూడా అరుగు లాంటి చోటు ఉండొచ్చని కళ్ళారా చూస్తారు.

కాండోల్లో ఉన్నవాళ్ళకి ఇబ్బంది ఇంకో రకం. బాల్కనీ ఉంటుంది, దాన్ని ఎదురు టవర్ చూస్తూ ఉంటుంది. చాలామంది దాన్ని అద్దాలతో మూసేసి గదిలా కలుపుకోవాలనుకుంటారు. దానికి నిబంధనలు ఒప్పుకోవు. తెరలు వేసినా పూర్తిగా వెనక్కి జరిగేలా ఉండాలి, మూసినప్పుడూ గాలి ఆడాలి. మీ మేనేజ్‌మెంట్‌ని అడక్కుండా ఏదీ బిగించకండి. నన్నడిగితే బాల్కనీని మూడు వైపులా కప్పక్కర్లేదు. ఎదురు టవర్ వైపు ఒక మూల ఎంచుకుని, అక్కడ మాత్రం వెదురు చాప తెర, తీగ, ఒక కుర్చీ. ఇల్లంతా దాచక్కర్లేదు, ఒక మనిషి కూర్చునేంత చాటు చాలు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి, అనుభవం మీద. తులసి కుండీ కింది పళ్ళెంలో నీళ్ళు నిలిచాయని నేను గమనించలేదు. దోమల తనిఖీకి వచ్చినామె టార్చి వేసి చూపించింది, పురుగులు ఈదుతున్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. డెంగీ ఊరిది, మన పూజకోసం ఆగదు. ఇప్పుడు కుండీల కింద పళ్ళేలే తీసేశాం. పూలు తేలేసే ఇత్తడి గిన్నెలో నీళ్ళు రోజూ పారబోస్తాం. కిటికీ బయట గట్టు మీద, కారిడార్ పిట్టగోడ మీద కుండీ ఎప్పుడూ పెట్టకండి. పైనుంచి పడితే ప్రాణం పోతుంది, చట్టం కూడా ఊరుకోదు. కారిడార్‌లో మొక్కలు పెడితే కనీసం 1.2 మీటర్ల దారి వదలాలి, రేపు మంటలొస్తే మనమే పరుగెత్తాలి. చిన్నపిల్లలుంటే కిటికీకి గ్రిల్లు లేకుండా కుండీ స్టాండు పెట్టొద్దు, వాళ్ళకది మెట్లు. మన పోపు ఘాటు, అగరొత్తుల పొగ పక్కింటికి వెళ్తాయని కూడా గుర్తుంచుకుందాం. తలుపు తీయడమంటే అవతలివాళ్ళ ముక్కుని కూడా గౌరవించడం. మేం పోపు పెట్టేటప్పుడు తలుపు వేసి, కిటికీ తీస్తాం.

ఇంకో మాట, ఇది బయటివాళ్ళ చూపు గురించి కాదు. మా నాలుగు గదుల ఫ్లాటు సుమారు తొంభై చదరపు మీటర్లు. అందులో నలుగురం. ఒకరోజు ఆఫీసు నుంచి త్వరగా వచ్చేసరికి అత్తగారు సర్వీస్ యార్డులో, వాషింగ్ మెషీన్ పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని వాళ్ళ చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నారు. కళ్ళు తడిగా ఉన్నాయి. నన్ను చూసి ఫోన్ పెట్టేశారు. అప్పుడు అర్థమైంది, పెరటి గుమ్మం అంటే అరటి చెట్లు మాత్రమే కాదని. ఆవిడకి మా నుంచి కూడా చాటు కావాలి. నా మీద చెప్పుకోవడానికైనా సరే! ఎదుగుతున్న అమ్మాయికీ కావాలి. ఇంట్లో పనికి ఉండే అమ్మాయి ఉన్నవాళ్ళు ఒక్కసారి ఆలోచించండి, తలుపేసుకుని ఊరికి ఫోన్ చేసుకోవడానికి ఆ పిల్లకి చోటేది? స్టోరు రూములో పడుకోబెట్టి, మన కిటికీలకి మాత్రం రెండు వరసల కర్టెన్లు కుట్టించుకుంటే ఏం బావుంటుంది.

ఆ వారమే కిటికీ మూల, బచ్చలి తెర వెనక, ఒక పేము కుర్చీ వేశాం. ఒక నియమం పెట్టుకున్నాం: అక్కడ ఎవరు కూర్చుంటే వాళ్ళని పలకరించకూడదు, లేచొచ్చేదాకా. మా అమ్మాయి "సైలెంట్ కుర్చీ" అని పేరు పెట్టింది.

టికెట్టు ముందుకి జరపలేదు. మూడు నెలలూ ఉన్నారు. వెళ్ళే రోజు పొద్దున అత్తగారు పల్చటి తెర కూడా పూర్తిగా జరిపేసి, కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. ఎదురు కిటికీలో బనీను ఆయన కూడా ఉన్నాడు. "ఆయన మనల్ని చూడ్డంలేదమ్మాయ్. అదిగో, ఆయన గట్టు మీద మిరపకాయ మొక్క ఉంది. దాన్ని చూసుకుంటున్నాడు" అన్నారు. మూడు నెలలుగా అది అక్కడే ఉంది. నేనూ చూడలేదు.

ఈ నెల మీరు ఏమీ కొనకండి. పగలొకసారి, లైట్లు వేశాక ఒకసారి, ఎదురు బ్లాకుకి వెళ్ళి మీ ఇంటిని చూసి రండి. పగలంతా ఆ ఇంట్లో ఉండే మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఎక్కడ చాటు కావాలో, ఎక్కడ అక్కర్లేదో ఆవిడే చెప్తారు. ఆ తర్వాత టెక్కాకి వెళ్ళినప్పుడు బచ్చలి కట్ట కొంటే, ఆకులు పప్పులో వేసి, కాడలు మాత్రం పారేయకండి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం.